హాకీ లీగు మోజు – మన కర్తవ్యము

ఉగాది సభ సమీపించుచున్నది. సంఘనిధిలో ఈ సంవత్సరము మిగిలిన సొమ్మును ఏ కార్యమునకు వినియోగింపవలెనను ప్రశ్న కార్యవర్గము ముందున్నది. కొందరు పెద్దలు ఒక ప్రతిపాదన తెచ్చియున్నారు. హాకీ ఇండియా లీగులో హైదరాబాదు పేర ఆడు జట్టునుండి ఇద్దరు ముగ్గురు ఆటగాండ్రను కోవిల్పట్టికి రప్పించి, మేళతాళములతో ఊరేగించి, శాలువలు కప్పి, వెండి హాకీ కర్ర బహూకరింపవలెనట. అందువలన మన పిల్లలకు ఉత్సాహము పుట్టునట. తెలుగువారి ప్రతిష్ఠ ఈ నాట ఇనుమడించునట.

ఆ పెద్దలయెడ నాకు గౌరవము కలదు. నేను అంగడి పెట్టిన తొలినాళ్లలో నాకు హామీ నిలిచినవారు వారిలో ఉన్నారు. ఐనను సంఘపు సొమ్మును గూర్చి మాటలాడునపుడు మొగమాటము పనికిరాదు. ఈ ప్రతిపాదనను నేను వ్యతిరేకించుచున్నాను. ఏల వ్యతిరేకించుచున్నానో సభకు ముందే పత్రికాముఖమున చెప్పుట న్యాయమని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను. నేను ఎస్సెస్సెల్సీతో చదువు చాలించి పప్పులు, బెల్లము అమ్ముకొనువాడను. హాకీ విద్యలో పండితుడను కాను. కాని కొనుట యెట్టిదో, పెంచుట యెట్టిదో, ఈ రెంటికి గల భేదమెట్టిదో వర్తకునికి ఒకరు నేర్పనక్కఱలేదు.

నా వాదము ఒక్క మాటలో ఇది: లీగు ఆటగానిని కొనును, పెంచదు. పెంచవలసినవారు తల్లిదండ్రులు, బడి, ఊరు, వసతిగృహము, సంఘము. మన చేతిలోనున్న పని పెంపకము. దానిని విడిచి, కొన్నవారి వాకిట పూలమాలతో నిలుచుట మన పనికాదు.

మొదట లీగు స్వరూపమేమో చూతము. హాకీ ఇండియా లీగు 2013లో ఆరంభమై, 2017 వఱకు ఐదుమార్లు జరిగి ఆగిపోయినది. మరల 2024 డిసెంబరు 28న మొదలై 2025 ఫిబ్రవరి 1న ముగిసినది. ఆ పోటీలో పురుషుల జట్లు ఎనిమిది. జట్టునకు 24 మంది. అందులో కనీసము 16 మంది భారతీయులు, ఎనమండుగురు విదేశీయులు. భారతీయులలో నలుగురైనను జూనియర్లు ఉండితీరవలెనని నియమము. ఒక్కొక్క యజమాని వేలంపాటలో పురుషుల జట్టుకొఱకు వెచ్చింపదగిన సొమ్ము నాలుగు కోట్ల రూపాయలు. ఆటగాండ్ర కనీసపు ధరలు రెండు లక్షలు, ఐదు లక్షలు, పది లక్షలు అని మూడు తరగతులు. ఆ పాటలో అందఱికంటె హెచ్చుధర పలికినవాడు అప్పటి భారత జట్టు నాయకుడు హర్మన్‌ప్రీత్ సింగ్. సూర్మా జట్టువారు అతనిని 78 లక్షలకు పాడుకొనిరి.

ఈ 78 లక్షల అంకెయే మన వీథులలో మారుమ్రోగినది. హాకీ కర్ర పట్టిన ప్రతి పిల్లవాని తండ్రియు దానినే జపించెను. లెక్క చూచినవారు మాత్రము లేరు. నేను చూచితిని. నాలుగు కోట్లలో 78 లక్షలు ఒక్కనికి పోయిన, మిగులునది 3 కోట్ల 22 లక్షలు. యజమాని చివరి రూపాయి వఱకు వెచ్చించెననుకొన్నను, అది 23 మందికి పంచిన తలకు సగటున 14 లక్షలు. సగటు అనునది ఎల్లపుడు మోసగించును. విదేశీయులును, పేరు మోసినవారును పెద్ద వాటా కొనిపోయిన పిదప, కనీసపు ధరకు పోవు బాలునికి దక్కునది రెండు లక్షలు. దానిని పండ్రెండు నెలలకు పంచిన నెలకు పదునాఱువేల ఆఱువందల చిల్లర. మా బజారులో కాటా పట్టు గుమాస్తా జీతముతో దానిని పోల్చి చూచుకొనుడు.

కాలమును గూర్చి కూడ లెక్క వేయుదము. డిసెంబరు 28 నుండి ఫిబ్రవరి 1 వఱకు 36 దినములు. సంవత్సరమునకు 365 దినములు. మిగిలిన 329 దినములు ఆ పిల్లవానికి పాలు పోయువారెవరు? ఉదయము ఐదు గంటలకు మైదానమునకు తోడ్కొని పోవువారెవరు? మడమ బెణికిన కట్టు కట్టించువారెవరు? లెక్కల పరీక్ష తప్పిన కూర్చుండబెట్టి చెప్పువారెవరు? లీగు యజమాని కాడు. అతడు వర్తకుడు. వర్తకుడు సిద్ధమైన సరుకునే కొనును. అందులో తప్పులేదు, అది అతని వృత్తి. తప్పెల్ల, కొనువానిని చూచి పండించువాడని భ్రమపడు మనది.

ఇక హైదరాబాదు పేరు. “మన హైదరాబాదు జట్టు” అని పెద్దలు పలుకునపుడు వారి కన్నులు మెఱయుట నేను చూచితిని. మూడు నాలుగు వందల యేండ్లుగా ఈ దక్షిణదేశమున నిలిచియు తెలుగు మాట విడువని కుటుంబములకు ఆ అభిమానము సహజమే. పదవతరగతిలో మాతృభాషాపరీక్ష వ్రాయు హక్కుకొఱకు, 2006లో తమిళము నిర్బంధమైన నాటినుండి, మనము ఎన్ని గుమ్మములు ఎక్కి దిగితిమో ఈ పత్రికాపాఠకులకు చెప్పనక్కఱలేదు. అట్టి మనకు తెలుగు ఊరి పేరు ఎచట వినబడినను గుండె పొంగును. కాని పేరు వేఱు, వేరు వేఱు. ఆ జట్టులో హైదరాబాదువారే ఉండవలెనను నియమము లేదు. వేలంపాటలో ఎవరు దొరకిన వారిని కొందురు. పంజాబువాడు, ఒడిస్సావాడు, జర్మనీవాడు ఎవరైనను ఆ చొక్కా తొడుగవచ్చును. 2025 ఫిబ్రవరి 1న రూర్కెలాలో జరిగిన తుదిపోటీలో హైదరాబాదు తూఫాన్స్ బెంగాలు జట్టు చేతిలో 4–3గా ఓడి రెండవ స్థానము పొందినది. బాగుగనే ఆడిరి. కాని ఆ సంవత్సరపు పోటీలన్నియు రూర్కెలాలోను రాంచీలోనుే జరిగినవి. హైదరాబాదు జట్టు హైదరాబాదు ప్రజలయెదుట ఒక్క ఆటయైన ఆడలేదు. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనుట అని మన పెద్దలు దేనిని గూర్చి అనిరో కాని, ఇచటికి చక్కగా సరిపోవును.

ఈ పేర్లు నిలుచునవియు కావు. 2005లో ప్రీమియర్ హాకీ లీగు అను పోటీ హైదరాబాదులోనే గచ్చిబౌలి మైదానమున మొదలైనది. హైదరాబాదు సుల్తాన్స్ అను జట్టు ఆ తొలి సంవత్సరమే గెలిచినది. నాడును ఇట్లే బాజాలు మ్రోగినవి. 2008తో ఆ లీగే లేకుండ పోయినది. 2012లో వరల్డ్ సిరీస్ హాకీ అని మఱియొకటి వచ్చి ఒక్కమారు జరిగి మాయమైనది. 2013లో వచ్చినది 2017లో నిలిచిపోయినది. 2024–25 పోటీలో విశాఖపట్టణము పేర గోనాసిక జట్టు వచ్చినది. ఒక్క సంవత్సరము గడచునంతలో ఆ జట్టు తొలగి, దాని స్థానమున రాంచీ జట్టు వచ్చినది. యజమానికి లాభము కనబడనిచో అంగడి మూసివేయును. నేనైనను అదే చేయుదును. కాని మూసిన అంగడిముందు మన పిల్లవాడు కర్ర పట్టుకొని నిలుచుండవలసిన గతి రాకూడదు. 2017లో పదునేడేండ్ల బాలుడు, లీగు మరల తెఱచిన 2024 డిసెంబరునాటికి ఇరువదినాలుగు దాటినవాడు. ఆటగానికి అవి పెరుగుదల సంవత్సరములు. అవి తిరిగిరావు.

ప్రతిపక్షమువారి వాదములో బలమైన భాగమును నేను దాచను. “లీగు వలన ఎందఱో యువకులు పైకి రాలేదా?” అని వారడిగెదరు. వచ్చిరి. 2013 తొలి పోటీలో రాంచీ జట్టు గెలిచినది. ఆ జట్టులో మన్‌దీప్ సింగ్ అను బాలునికి పదునెనిమిదవ యేడు నిండినది ఆ పోటీ నడుమనే. అందు గోలుల మీద గోలులు కొట్టి ఆ సంవత్సరమే భారత జట్టులో చేరెను. 2015 వేలములో ముంబయి జట్టువారు పందొమ్మిదేండ్ల హర్మన్‌ప్రీతును 51,000 డాలర్లకు కొనిరి. ఆ సంవత్సరమే అతడును భారతదేశమునకు ఆడెను. విదేశపు మేటి ఆటగాండ్రతో ఒకే గదిలో దుస్తులు మార్చుకొని, వారెట్లు తినుచున్నారో, ఎట్లు నిదురించుచున్నారో, ఆట ముందురోజున ఏమి చూచుచున్నారో కన్నులార కనుట గొప్ప విద్య. వేలాది జనముయెదుట ఆడి బెదురు పోగొట్టుకొనుట గొప్ప లాభము. 2016లో లక్నోలో జూనియర్ ప్రపంచకప్పు గెలిచిన భారత బాలురలో అనేకులు ఆ లీగున ఆడినవారే. ఇదంతయు నిజమే.

ఐనను ప్రశ్న ఒకటి మిగిలియున్నది. ఆ మన్‌దీపు లీగు గుమ్మమువఱకు ఎట్లు నడచివచ్చెను? అతనిది జలంధరు చెంత మిఠాపూరు. పర్గత్ సింగ్ పుట్టిన ఊరది. మన్‌ప్రీత్ సింగ్ పుట్టిన ఊరది. అచట పిల్లవాడు కర్ర పట్టునాటికి మైదానము సిద్ధముగ ఉన్నది, తప్పు దిద్దువాడు సిద్ధముగ ఉన్నాడు, పోల్చుకొనదగిన పెద్దన్న ఎదురింట ఉన్నాడు. హర్మన్‌ప్రీతు అమృతసరు జిల్లా తిమ్మోవాల్ రైతుబిడ్డ. 2011లో పదునైదవ యేట జలంధరులోని సుర్జీత్ అకాడమీలో చేరెను. పెనాల్టీ కార్నరు పడినపుడు బంతిని కర్రతో ఈడ్చి విసరు డ్రాగ్‌ఫ్లిక్ విద్యకు అచట పదునుపెట్టుకొనెను. ముంబయివారు పాట పాడునాటికి నాలుగేండ్ల పెంపకము గడచిపోయినది. డబ్బిచ్చినవారి పేరు లోకమునకు తెలియును. ఆ నాలుగేండ్లు అన్నము పెట్టి, వేలాది బంతులు అందించినవారి పేర్లు ఎవరికి తెలియును? మన సంఘము ఉండవలసినది ఆ తెలియని పేర్ల వరుసలో.

మఱియొక మాట. ఒలింపిక్ క్రీడలలో 1980 తరువాత మనకు హాకీ పతకము లేదు. నలువదియొక్క యేండ్లకు, 2021లో టోక్యోలో కాంస్యము వచ్చినది. 2024లో ప్యారిస్‌లో మరల కాంస్యము వచ్చినది. ఆ రెండు సమయములందును లీగు మూతబడియే ఉన్నది. పూర్వము లీగులో ఆడినవారు ఆ జట్లలో ఉండిరి, కాదనను. కాని లీగు లేని ఆ ఏడేండ్లకు పైబడిన కాలము ఆటను నిలిపినవి వసతిగృహములు, అకాడమీలు, రైల్వేలు, చమురు సంస్థలు, 2018 నుండి జాతీయజట్లకు పోషకత్వము వహించిన ఒడిస్సా ప్రభుత్వము. ఇల్లు లీగు కాదు. లీగు ఇంటికి వేసిన రంగు. గోడ లేనిచోట రంగు పూయుట యెట్లో ఆ పెద్దలే సెలవీయవలెను.

ఇక మన ఊరిమాట. కోవిల్పట్టి అనగానే లోకులకు అగ్గిపెట్టెలు, వేరుశనగ మిఠాయి గుర్తుకు వచ్చును. మూడవది హాకీ. తరతరములుగా ఈ దుమ్ములో కర్రలు ఆడుచునే యున్నవి. లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిలభారత పోటీలకు దేశపు మేటిజట్లు మన ఊరికి వచ్చి ఆడిపోవుట మనమెఱుగుదుము. రాష్ట్ర క్రీడాభివృద్ధి సంస్థవారి హాకీ శిక్షణాకేంద్రము ఇచట ఉన్నది. టర్ఫ్ అని పిలువబడు కృత్రిమపు పచ్చిక కూడ వచ్చినది. ఈ కేంద్రమున తయారైన మారీశ్వరన్, కార్తి అను ఇరువురు యువకులు 2022 మే నెలలో జకార్తాలో జరిగిన ఆసియాకప్పున భారతదేశమునకు ఆడిరి. మారీశ్వరన్ మన కోవిల్పట్టివాడే. కార్తి అరియలూరువాడు. పాకిస్థానుతో తొలి ఆటలోనే కార్తి గోలు చేసెను. ఆ పోటీలో జపానును 1–0గా ఓడించి మనవారు కాంస్యము గెలిచిరి. పిమ్మట కార్తి లీగులో తమిళనాడు డ్రాగన్స్ జట్టుకు ఆడెను.

ఇపుడు పెద్దలను నేరుగ అడుగుచున్నాను. మన అంగళ్లకు అరమైలు దూరమున నేర్చుకొని దేశమునకు ఆడిన ఈ యువకులకొఱకు మన సంఘము ఏనాడైన ఒక గ్లాసు పాలు ఇచ్చినదా? “వారు తమిళపిల్లలు కదా” అని ఒకరు నాతో అనిరి. అయ్యా, మన సరుకు కొనువారు తమిళులు కారా? మన బిడ్డలకు చదువు చెప్పినవారు తమిళులు కారా? మన పిల్లవాడు రేపు జట్టులోనికి ఎక్కినను తమిళనాడు చొక్కాతోనే ఎక్కవలెను కాని, ఆంధ్రదేశపు చొక్కాతో కాదు. భాష ఇంటిది, సంఘమునది. దానిని ప్రాణముగ కాపాడుకొందము. ఆట ఊరిది. ఊరి ఆటకు మనము పెట్టుబడి పెట్టనిచో, ఊరి ఆటలో మనకు వాటా అడుగు హక్కు లేదు.

పెట్టుబడి పెట్టకపోవుటవలన ఏమి జరుగుచున్నదో చెప్పెదను. పేర్లు వ్రాయను. మన వీథులలోనివారే, ఇద్దరు బాలురు. ఒకడు ఎడమప్రక్క ముందువరుసలో ఆడువాడు, గాలివలె పరుగెత్తువాడు. పదవతరగతి ముగియగానే తండ్రి కర్ర లాగుకొని అగ్గిపెట్టెల కర్మాగారపు లెక్కలు వ్రాయుటకు పంపెను. తండ్రిని నిందింపను. అతనికి ఇంకను ఇద్దరు ఆడుబిడ్డలున్నారు. రెండవవానిని లీగులో చేర్చెదనని నమ్మబలికి ఒక దళారి హైదరాబాదునకు తీసికొనిపోయెను. ముడుపు పుచ్చుకొనెను. ఏవో రెండు నెలలు ఏదో మైదానమున పరుగెత్తించి పంపివేసెను. బడి పోయినది, సొమ్ము పోయినది. పిల్లవాడు ఇపుడు మైదానమువైపు చూడనైన చూడడు. ఇతనిని చెఱచినది ఏది? ఆ దళారి మాత్రమేనా? 78 లక్షలని ఊరంతయు మ్రోగిన ఆ డప్పు కాదా? ఊరేగింపు చేసి మనము మరల ఆ డప్పే మ్రోగింపబోవుచున్నాము. అట్టి ఊరేగింపు చూచి ఉత్సాహము తెచ్చుకొను తండ్రికి మఱునాడు దొరకునది లీగు కాదు, దళారి.

తండ్రుల భయము న్యాయమైనదని మరల చెప్పుచున్నాను. నూఱుమంది ఆడిన, ఒక్కడు లీగుకు పోవుట కూడ నిశ్చయము కాదు. కావున “ఆడుము, లక్షలు వచ్చును” అని చెప్పువాడు బిడ్డకు శత్రువు. “ఆడకుము, చెడిపోదువు” అనువాడు కూడ మిత్రుడు కాడు. చెప్పవలసినది మూడవ మాట: “ఆడుము, చదువుము. రెంటిలో ఏది నిలిచినను నీకు అన్నము దొరకును.” రైల్వేలోను, పోలీసుశాఖలోను, బ్యాంకులలోను ఆటగాండ్రకు ఉద్యోగములున్నవి. వానికి కనీసపు చదువు కావలెను. పది తప్పినవానికి ఎంత గొప్ప డ్రాగ్‌ఫ్లిక్ ఉన్నను ఆ తలుపు తెఱువబడదు. పదమూడవ యేట నుండి పందొమ్మిదవ యేటివఱకు బాలుని ఆటలోను చదువులోను ఒక్కటిగ నిలుపుటయే అసలు కష్టము. లీగు ఆ ఆఱేండ్లలో ఎచటను కనబడదు. మనము కనబడవలెను.

ఇది మనవంటి చిన్న సంఘములకు సాధ్యమా అని సందేహింతురేమో. కర్ణాటకమున కొడగువారిని చూడుడు. వారి భాష మాటలాడువారు మనకంటె ఎంతో తక్కువ. 1997లో కరడ గ్రామమున పాండండ కుట్టప్ప అను పెద్దమనిషి కుటుంబములవారీగ హాకీ పోటీ పెట్టెను. తొలియేడు 60 కుటుంబములు దిగినవి. ప్రతి సంవత్సరము ఒక ఇంటిపేరువారు ఆ పోటీ భారమును వహించెదరు. తాత, మనుమడు, కోడలు ఒకే జట్టుగ ఆడెదరు. 2024లో 360 కుటుంబములు పాల్గొని గిన్నిసు పుస్తకమున ఎక్కినవి. గణేశ్, సోమయ్యవంటి భారతజట్టు నాయకులను అంతకుముందే ఇచ్చిన నేల అది. లీగులో ఉత్తరప్రదేశ్ జట్టునకు ఆడిన రఘునాథ్ ఆ నేలవాడే. వారు లీగు వాకిట నిలువలేదు. లీగే వారి వాకిటికి పోయినది.

ఒడిస్సాలోని మన సోదరులకు సుందర్‌గఢ్ జిల్లా సంగతి తెలియును. అచట పల్లెపోటీలలో గెలిచినవారికి మేకను బహుమతిగ ఇచ్చి ఊరంతయు కలిసి వండుకొని తినెదరు. వెండి కర్ర ఇవ్వరు. ఆ జిల్లాలోని సౌనామారా అను ఒక్క పల్లెనుండి దిలీప్ టిర్కీయు, అమిత్ రోహిదాసును వచ్చిరి. 1985లో రూర్కెలా పాన్‌పోష్‌లో పెట్టిన క్రీడావసతిగృహము ఆ పల్లెబాలురకు అన్నము, చదువు, మైదానము ఒక్కచోట కూర్చినది. ఇరువదివేల మంది కూర్చుండు బిర్సా ముండా మైదానము రూర్కెలాలో తెఱువబడినది 2023 జనవరిలో. వసతిగృహమునకు, ఆ మహామైదానమునకు నడుమ ముప్పదియేడేండ్లకు పైగా గడచినవి. మొదటిది లేక రెండవది రాలేదు.

తెలుగువారిలో హాకీ లేదని ఎవరైన అనిన నేనంగీకరింపను. హైదరాబాదువాడైన ముకేశ్ కుమార్ 1992, 1996, 2000 సంవత్సరములలో మూడు ఒలింపిక్ క్రీడలందు ఆడెను. చిత్తూరు జిల్లా పల్లెబిడ్డ ఎతిమరపు రజని గోలు కాచు విద్యలో దేశపు జట్టుకు ఎక్కి, 2022లో బర్మింగ్‌హామ్ కామన్‌వెల్త్ క్రీడలలో కాంస్యము గెలిచిన జట్టులో ఉండెను. ఆడుబిడ్డల మాట వచ్చినది కావున ఇదియు చెప్పవలెను. స్త్రీలకు ఈ లీగు మొదటిమారు జరిగినది 2025 జనవరిలో, రాంచీలో. పురుషులకు ఎనిమిది జట్లయిన వారికి నాలుగే. పురుషుల జట్టునకు నాలుగు కోట్లయిన వారికి రెండే. వేలములో హెచ్చుధర పలికిన ఉదితకు 32 లక్షలు. సంత వారికి సగము తలుపే తెఱచినది. మనము కూడ సగమే తెఱచిన, ఇక వారికి దిక్కెవరు? మన పెద్దల ప్రతిపాదనలో ఆడుపిల్లల మాట ఒక్కటియు లేదు.

విమర్శించి ఊరకుండుట నాకు ఇష్టము లేదు. ఊరేగింపునకు అనుకొనిన సొమ్మును ఇట్లు వినియోగింపవలెనని సభలో నేను తీర్మానము పెట్టెదను.

ఒకటి, పదమూడు మొదలు పందొమ్మిది యేండ్లవఱకు గల బాలబాలికలలో, శిక్షకులు ఎంచి ఇచ్చిన కొందఱికి ప్రతిదినము పాలు, గ్రుడ్లు, నానబెట్టిన శనగలు. సంఘసభ్యులలో పప్పుల వర్తకులము ఐదారుగురము ఉన్నాము. శనగలు మేము ఇచ్చెదము, నిధిని తాకనక్కఱలేదు. రెండు, టర్ఫ్‌పై ఆడుటకు తగిన పాదరక్షలు. దుమ్ములో ఆడినవాడు పచ్చికపై తొలిసారి పరుగెత్తునపుడు జాఱి మోకాలు పోగొట్టుకొనుట తఱచు చూచుచున్నాము. మూడు, గోలు కాచువారి కవచములు రెండు జతలు, సంఘపు సొత్తుగ. ఒక జత కొనవలెనన్న సామాన్యకుటుంబపు కొన్ని నెలల సంపాదన హరించును. అందుచేతనే పేదబిడ్డ ఎవడును ఆ స్థానమునకు రాడు. నాలుగు, సాయంకాలము ఆట ముగిసిన పిదప సంఘభవనమున రెండు గంటల చదువు. లెక్కలు, ఇంగ్లీషు ఎవరికైనను. తెలుగు, కోరినవారికి. ఐదు, ఎంపికపోటీలకు పోవువారికి దారిఖర్చు, తోడుగ ఒక పెద్దమనిషి. దళారి ప్రక్కన నిలువవలసినచోట మనమే నిలిచిన, దళారికి చోటుండదు.

ఈ సహాయమునకు కులము, భాష అడుగరాదు. మన బిడ్డలు తప్పక అందులో ఉందురు, ఏలనన వారు ఈ ఊరివారే. లెక్కలు మూడు నెలలకొకమారు ఈ పత్రికలోనే అచ్చువేయవలెను. సాయము పొందినవాడు రేపు లీగులో అమ్ముడుపోయిన, అతని ధరలో మనకు వాటా అడుగరాదు. అడిగిన మనమును కొనువారమే అగుదుము.

“ఇంత చేసినను ఒక్కడైన లీగుకు ఎక్కునని నీవు హామీ ఇచ్చెదవా?” అని నన్నడుగవచ్చును. ఇవ్వను. హామీ ఇచ్చువాడు దళారి. నేను చెప్పగలిగినది ఇంతయే: ఆఱేండ్ల పిదప ఆ పిల్లలలో ఒకడు లీగులో ఆడవచ్చును, ఒకడు రైల్వేలో చేరవచ్చును, ఒకతె బడిలో వ్యాయామోపాధ్యాయిని కావచ్చును, తక్కినవారు పది, పండ్రెండు తరగతులు ముగించి బలమైన దేహములతో తమ తమ పనులలో కుదురుకొనవచ్చును. వీనిలో ఏ ఒక్కటియు నష్టము కాదు. ఊరేగింపు మఱునాడు మిగులునది వాడిన పూలు, మేళగాండ్ర రసీదు.

2025 చివర చెన్నైలోను, మన ప్రక్కనున్న మదురైలోను జూనియర్ ప్రపంచకప్పు జరిగినది. ఇరువదినాలుగు దేశముల బాలురు వచ్చి ఆడిరి. మన దేశపు బాలురు అర్జెంటీనాను 4–2గా ఓడించి కాంస్యము గెలిచిరి. మనవారు బస్సులు కట్టుకొని పోయి చూచి వచ్చిరి. చప్పట్లు కొట్టుట మనకు బాగుగ వచ్చునని తేలినది. ఇక సాకుట వచ్చునో లేదో తేల్చుకొనవలసియున్నది.

సభ్యులందఱు ఉగాది సభకు తప్పక వచ్చి, రెండు తీర్మానములను విని, చేయి ఎత్తుడు. ఊరేగింపు కావలెనన్నవారు ఎత్తుడు, అది మీ హక్కు. కాని చేయి ఎత్తుటకు ముందు, ఒక సాయంకాలము ఐదు గంటలకు మైదానమునకు పోయి, చెప్పులు లేక గట్టుపై కూర్చుండి తన వంతు కర్రకొఱకు ఎదురుచూచు పిల్లలను ఒక్కమారు లెక్కించి రండు. ఆ లెక్క తీసికొని సభకు రండు.